పేరు విని మొక్క కొనొద్దు

అమ్మాయీ,

మామిడి తోట గురించి నీ మెసేజ్ చూశాను. "ఒక ఎకరా బెంగళూరా, ఒక ఎకరా తోతాపురి పెడతాను పెదనాన్నా" అన్నావే, అది చదివి మీ పెద్దమ్మా నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. రెండూ ఒకటే కాయ! కోప్పడకు. నీ వయసులో నేనూ అంతే. అరవ పక్క ఒక నర్సరీలో 'కిళిమూక్కు' అంటే కొత్త రకమనుకుని ముప్పై మొక్కలు తెచ్చి, మన బెంగళూరా పక్కన నాటాను. నాలుగేళ్ళకి కాయలొస్తే అటూ ఇటూ అదే వంకర ముక్కు! అమ్మినవాడు మోసం చేయలేదు. వాళ్ళ ఊళ్ళో దాని పేరే అది.

కిళి అంటే చిలుక, మూక్కు అంటే ముక్కు. కన్నడం వాళ్ళు గిణిమూతి అంటారు, అదీ చిలుకే. తోతా అన్నా చిలుకే. కోస్తా వాళ్ళు మాత్రం ఎందుకో ఆ కాయని కలెక్టర్ని చేశారు. అలిపిరి మెట్ల మీద ఉప్పూ కారం చల్లి అమ్మే ముక్కలు ఎక్కువగా దీనివే. మనం బేనీషా అనేది బంగినపల్లే. హైదరాబాదులో హిమాయత్ అంటే అరవం వాళ్ళ ఇమామ్ పసంద్.

అందుకని పేరు విని కొనొద్దు. కాయల కాలంలో నర్సరీకి పోయి, ఏ తల్లిచెట్టు నుంచి అంటు కట్టారో చూపించమను. చూపించకపోతే వెనక్కి వచ్చేయ్.

రెండెకరాలూ బెంగళూరానే పెట్టకు. ఏటా బాగా కాస్తుంది, నిజమే. కానీ అది గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ, అందరి తోటా ఒకేసారి దిగితే ధర పడిపోతుంది. 2025లో ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలిస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పాల్సి వచ్చింది, గుర్తుందిగా. కొంత బేనీషా, కొంత నీలం కలుపు. బేనీషా ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు అలుగుతుంది. నీలం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యమే ఒక్కోసారి కలిసొస్తుంది.

33 అడుగులకొక గుంత తీయిస్తే ఎకరాకి 40 చెట్లు. దగ్గరగా నాటితే ఎక్కువ వస్తాయని ఎవరైనా చెప్తారు. అలా నాటాలంటే ముందు కొమ్మలు కత్తిరించడం నేర్చుకో, తర్వాత చూద్దాం. గుంతలు ఎండాకాలంలోనే తవ్వించి ఎండనివ్వు, వానలు పడ్డాక పశువుల ఎరువు కలిపి నాటు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదు. దానికి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే కోసెయ్, లేకపోతే కాండాన్ని నొక్కేస్తుంది. అంటు కింద నుంచి వచ్చే చిగురు ఎంత పచ్చగా ఉన్నా గిల్లెయ్. అది నాటు మామిడిది. వదిలేస్తే పైన అంటు చచ్చి, కింద నాటుచెట్టు పెరుగుతుంది. నా తోటలో రెండు అలాగే పోయాయి, మీ పెద్దమ్మ వాటి కాయలు ఊరగాయకి వాడేస్తుంది. మొదటి మూడేళ్ళు పూత వస్తే తెంపెయ్. మనసొప్పదు, అయినా తెంపాలి.

జూన్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామునే రా. దామలచెరువు మండీకి పోదాం. ప్రతి కుప్ప దగ్గరా ఆగి కాయ చేత్తో పట్టుకుని చూద్దువు. పేర్లు రాసుకోవడానికి నోట్‌బుక్ తెచ్చుకో, ఒక్కో కాయకి మూడు గీతలు వదులు.

మీ పెదనాన్న