రాత్రి తిరుగుళ్ళకు వస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

అమలాపురం నుంచి మీ మావయ్య ఆశీస్సులతో వ్రాస్తున్న ఉత్తరం.

నువ్వూ నీ స్నేహితులూ భుజాన సంచులు వేసుకుని గోదావరి జిల్లాలు చూడటానికి వస్తున్నారనీ, అందులో ఒక రాత్రిని రోడ్డు పక్క బండ్ల మీది తిండికీ, ఆపైన ఒకటి రెండు బార్లకూ కేటాయించుకున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నిన్ను వారించమని కూడా అడిగింది. నాకు వారించాలని లేదు. స్నేహితులతో కలిసి కొత్త ఊరి వీధుల్లో తింటూ తిరగడం ఈ వయసులో దక్కవలసిన సంతోషమే. అది క్షేమంగా సాగాలన్నదే నా కోరిక కనుక, ఈ ప్రాంతం తెలిసినవాడిగా కొన్ని సంగతులు వివరంగా చెబుతాను.

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది. ఏ ఊళ్ళో తాగుతారో ఆ ఊళ్ళోనే, నడిచి చేరగలిగినంత దూరంలో గది తీసుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఈ నేల తీరులోనే ఉంది. కాటన్ దొర ఆధ్వర్యంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అంతటా కాలువలు అల్లుకున్నాయి. మా రోడ్లలో చాలా వరకు ఆ కాలువల గట్ల వెంటే నడుస్తాయి. ధవళేశ్వరం నుంచి కడియం మీదుగా కాకినాడ వైపు సాగే కెనాల్ రోడ్డు పగటి పూట చూడముచ్చటగా ఉంటుంది. రాత్రి అదే రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ దీపాలు కళ్ళలో పడితే గట్టు అంచు ఎక్కడుందో తెలియదు, అడ్డుగోడ లేని చోట బండి జారితే నేరుగా నీళ్ళలోకే పోతుంది. తాగనివాడు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడపవలసిన దారి అది. నరసాపురం వైపు వెళ్ళినా ఇబ్బంది ఇంకొక రకంగా ఉంటుంది: రాత్రి పొద్దుపోయాక సఖినేటిపల్లి రేవు దాటించే పంటు దొరకదు, కోనసీమలోకి రావాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావలసిందే. చట్టం మాటకు వస్తే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించి ఉండి బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే నా భయం జరిమానా గురించి కాదు, కాలువ గురించి.

అందుకే మీరు రాజమహేంద్రవరంలో దిగమని నా సలహా. రైలు దిగి, గదిలో సంచులు పెట్టి, స్నానం చేసి, సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర హారతి చూసి మొదలుపెట్టండి. 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెనా, 1974లో వచ్చిన రోడ్డు–రైలు వంతెనా చీకటి పడకముందే తీరికగా చూడండి. తాగిన తరువాత మాత్రం మళ్ళీ ఆ మెట్ల దగ్గరకు పోవద్దు. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారితే ఎంత లోతులో తేలుతామో చెప్పలేము, వరద రోజుల్లో ఆ నీటి వడికి ఈతగాళ్ళు కూడా నిలవలేరు.

ఇక తిండి. ఇది ఖాళీ కడుపుతో, ఓపికగా చేయవలసిన పని. నలుగురికీ కలిపి ఒక్కొక్క బండి దగ్గర ఒక్క ప్లేటే చెప్పండి. అప్పుడే నాలుగైదు బండ్ల రుచి చూడగలుగుతారు. ఎక్కడ తినాలో తేల్చేది బోర్డు కాదు, బూరెలమూకుడు. నూనె నల్లబడి, నురుగు కట్టి, ఘాటు పొగ వదులుతుంటే ఆ బండి దాటిపోండి. వాయి తరువాత వాయి దిగుతూ, దిగింది దిగినట్టే అమ్ముడుపోయే బండి దగ్గర నిలబడండి, ఎందుకంటే వేడివేడిగా మీ కళ్ళ ముందు వేగిన దానిలో కడుపు చెడగొట్టేది దాదాపు ఏమీ మిగలదు. మిరపకాయ బజ్జీని మధ్యకు చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మరసం పిండి ఇస్తారు, దానితో మొదలుపెట్టండి. అరటికాయ బజ్జీ తప్పక తినండి. మా కోనసీమ అరటికాయకు ఉన్న రుచి మీ ఊళ్ళో కాయకు ఉండదని నేను నమ్మకంగా చెబుతాను. పునుగులు అల్లం చట్నీతో బాగుంటాయి, కానీ చట్నీ నీళ్ళలా పలచబడి ఉంటే పునుగులు మాత్రమే తిని చట్నీ వదిలేయండి, ఆ కలిపిన నీళ్ళు ఎక్కడివో మనకు తెలియదు. పిడత కింద పప్పు చేసే అతను ఉల్లిపాయా టమాటా అప్పటికప్పుడు తరుగుతున్నాడా, మధ్యాహ్నం తరిగి పెట్టుకున్నవి వేస్తున్నాడా అన్నది ఒక్కసారి చూసుకోండి. చెరకు రసంలో ఐసు వద్దనండి. రాజమండ్రి రోజ్‌మిల్క్ పేరున్నదే గనుక తాగి తీరతారు; అది మందుకు ముందే తాగాలి, పైన కాదు.

చేపలూ రొయ్యల విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. పచ్చి చేపను కన్ను చూసి, మొప్ప ఎత్తి చూసి తాజాదో కాదో చెప్పవచ్చు గానీ, ఎర్ర మసాలా పట్టించి బండి మీద పేర్చిన ముక్కను చూసి ఎవరూ చెప్పలేరు. అందువల్ల వాటిని జనం బాగా తిరిగే హోటల్లోనే తినండి. వరద రోజుల్లో వస్తే మీలో ఎవరో ఒకరు పులస అంటారు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే ఆ చేపకు ఉన్న ధర వల్ల, వేరే చోట నుంచి ఐసులో వచ్చిన అదే జాతి చేపను పులస పేరుతో అంటగట్టడం మామూలే. రాత్రి బారులో పులస పులుసు అడగవద్దు. ఆ కోరిక ఉంటే నాకు ముందుగా చెప్పండి, రేవులో తెలిసినవాళ్ళ దగ్గర చూస్తాను.

కడుపు నిండిన తరువాతే బారు. ఆహారం లోపల ఉంటే మద్యం రక్తంలో నెమ్మదిగా కలుస్తుంది, ఖాళీ కడుపున ఒక్కసారిగా ఎక్కుతుంది. ఇక్కడి బార్లు రాత్రంతా నడిచేవి కావు, ఒక దానికీ మరొక దానికీ పెద్ద తేడా కూడా ఉండదు, కాబట్టి రెండింటితో ఆపండి. నా మటుకు ఒక్కటే చాలు. బారు మారినప్పుడల్లా లెక్క తప్పుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక పెద్ద పెగ్గు, అంటే 60 మిల్లీలీటర్లు, ఒంట్లోంచి పోవడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ సమయం తగ్గదు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం వరకు ఉంటుంది, అంటే 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి దాదాపు రెండు పెద్ద పెగ్గులతో సమానం. బీరే కదా అని మూడు సీసాలు తాగినవాడు ఆరు పెగ్గులు తాగినట్టే. లైసెన్సు ఉన్న చోటే తాగండి. బెల్టు షాపు సీసా, నాటుసారా, ఎవరో తెచ్చిన మూత తీసిన సీసా ముట్టవద్దు. అందులో మిథనాల్ కలిసి ఉంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. తాటికల్లు రుచి చూడాలంటే తెల్లవారుజామున చెట్టు మీంచి దించగానే, గీత కార్మికుడి దగ్గరే తాగాలి.

యానాం గురించి మీరు తప్పక మాట్లాడుకుంటారు. అది పుదుచ్చేరిలో భాగం, అక్కడ మద్యం చవక, 18 ఏళ్ళు నిండితే అమ్ముతారు. ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండాలి. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లే కదా అని సాయంత్రం బండి మీద వెళ్ళి అర్ధరాత్రి తిరిగివచ్చే కుర్రాళ్ళు ఉన్నారు. మీరు వాళ్ళ దారి పట్టవద్దు. వెళితే అక్కడే గది తీసుకుని పడుకోండి, తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఒక్క సీసా కూడా ఉండకూడదు, సరిహద్దు దాటితే అది నేరమవుతుంది.

మీ జట్టులో అమ్మాయిలు ఉన్నారని విన్నాను. మా ఊళ్ళలో చాలా బార్లలో ఆడపిల్లలు కూర్చునే వాతావరణం ఉండదు. ఫ్యామిలీ సెక్షన్ ఉన్న పెద్ద హోటల్ పగలే వెళ్ళి చూసుకోండి. అటువంటిది దొరకకపోతే బారు మానేసి ఇంకొక రెండు బండ్లు తిరగండి గానీ, వాళ్ళను గదిలో ఉంచి మీరు వెళ్ళవద్దు. తాగనివాళ్ళను ఒక్క గుక్కకని బతిమాలవద్దు. ఆ రాత్రి ఒకరు పూర్తిగా తాగకుండా ఉండి, డబ్బూ గది తాళంచెవీ తన దగ్గర పెట్టుకోవాలి. ఎవరికైనా ఎక్కువైతే ఒంటరిగా పడుకోబెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి దగ్గర కూర్చోండి, వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డుపడుతుంది. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి మందగించినా, చూపు మసకబారిందన్నా వెంటనే 108కి ఫోను చేయండి. పెద్దవాళ్ళకు తెలుస్తుందన్న భయంతో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు; ఏ వేళకు ఫోను చేసినా నేను ఎత్తుతాను, ముందు ఏమీ అడగను.

మర్నాడు కొబ్బరినీళ్ళు తాగి, ఎండ తగ్గాక రావులపాలెం మీదుగా వచ్చే బస్సెక్కి అమలాపురం రండి. మరుసటి ఉదయం అంబాజీపేట తీసుకువెళ్ళి, పనసాకుల బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన పొట్టిక్కలు తినిపిస్తాను. ఎందరు వస్తున్నారో, మాంసం ముట్టనివారు ఎవరో ముందుగా తెలియజేస్తే మీ అత్తయ్య ఆ ప్రకారం వంట చూసుకుంటుంది.

ఇట్లు,
మీ మావయ్య