రామాఫలం పక్కన సీతాఫలం నాటితే కొత్త రకం కాయ కాస్తుందా?

కాయదు. సీతాఫలం చెట్టుకు సీతాఫలమే కాస్తుంది. పక్క చెట్టు పుప్పొడి వచ్చి పడినా తొక్క, గుజ్జు అన్నీ తల్లి చెట్టువే. మార్పంటూ ఉంటే గింజలో ఉంటుంది. ఆ గింజ మొలిచి, చెట్టయి, కాతకొస్తేనే అది తెలిసేది. రోడ్డు పక్కన మొక్కలు అమ్మేవాళ్ల మాటలు నమ్మకండి. మా బంధువు ఒకాయనకు మామూలు ఎర్ర సీతాఫలాన్నే హైబ్రిడ్ అని చెప్పి అంటగట్టారు.

నిజంగా రెండు జాతులు కలిపి తీసిన పండు వేరే ఉంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద పెరిగే చెరిమోయా అనే సీతాఫలం చుట్టాన్ని మన సీతాఫలంతో సంకరం చేసి 1908లో ఫ్లోరిడాలో వెస్టర్ అనే ఆయన అటెమోయా తీశాడు. అందులో ఐలాండ్ జెమ్ అనే రకాన్ని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు మళ్లీ మమ్మత్ అనే సీతాఫలంతో కలిపారు. అదే అర్క సహన్. గింజలు తక్కువ, తీపి ఎక్కువ, పండినా తొందరగా చితకదు.

ఇంతవరకు అందరూ చెప్తారు. ఆ అర్క సహన్‌ను కాయించడం ఎంత పనో జడ్చర్ల అవతల మా మేనమామ తోటలో చూశాను. సీతాఫలం పువ్వు ముందు ఆడది, తర్వాత మగది. పుప్పొడి రాలే వేళకు దాని ఆడతనం అయిపోతుంది. మధ్యలో చిన్న చిన్న పురుగులు దూరి వేరే పువ్వు పుప్పొడి అంటిస్తే కాయ, లేకుంటే లేదు. అందుకని పూత కాలంలో మా అత్తమ్మ ఎండ ముదరకముందే పిల్లల బొమ్మల బ్రష్షు, స్టీలు డబ్బీ పట్టుకొని బయలుదేరేది. గట్టు మీదున్న బాలానగర్ రకం నాటు సీతాఫలం చెట్ల పూల నుంచి పుప్పొడి దులిపి, అర్క సహన్ చెట్లకు అప్పుడే రేకలు సడలిన పూలలో ఒక్కొక్కదానికీ అద్దేది. గొర్ల కాపరి ఒకాయన నిలబడి చూసి, "ఏందమ్మా, పూలకు బొట్లు పెడ్తున్నవా?" అన్నడు. అత్తమ్మ తల ఎత్తకుండానే "పెండ్లి చేస్తున్న తాతా, కట్నాలు తెచ్చినవా?" అన్నది. బ్రష్షు తగిలిన కొమ్మలకు గుండ్రని కాయలు దిగాయి. తగలని వాటికి ఒకవైపు నొక్కుకుపోయిన గిడస కాయలు. వాటికి మార్కెట్లో ధర అడగకండి.

అంత చదువుకున్న హైబ్రిడ్‌కు చివరికి మన బాలానగర్ చెట్టు పుప్పొడే దిక్కయింది. గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా కాసిన చెట్లవి. దసరా ముందు కళ్లు విచ్చిన కాయలు తెంపి గంపల్లో తెచ్చి హైవే మీద అమ్ముకునే ఆడవాళ్లకు అదే ఆదాయం. ఇప్పుడు షాద్‌నగర్ దాకా గుట్టలన్నీ ప్లాట్లే. జేసీబీ పెట్టి చెట్లు లేపేసి, ఆ గేటుకే 'గ్రీన్' అని పేరు పెడతారు.

మీ దగ్గర రామాఫలం మొక్క ఉంటే మాత్రం పీకకండి. మంచి బాలానగర్ కొమ్మ దొరికితే దాని మీద అంటు కట్టించండి. వేరు రామాఫలానిది, కాయ సీతాఫలానిది.