సమాధానం: ఐఈ3 మోటారు పెట్టినా కరెంటు ఖర్చు ఎందుకు తగ్గలేదు?

బ్లోయర్‌కున్న (గాలి తోసే ఫ్యానుకున్న) 11 కిలోవాట్ల, నాలుగు పోళ్ల ఐఈ1 మోటారు తీసి ఐఈ3 పెట్టినా మీటరు రీడింగులో తేడా రాలేదని రాశారు. (ఐఈ అంటే మోటారు సామర్థ్య తరగతి; అంకె పెరిగేకొద్దీ సామర్థ్యం ఎక్కువ.) మోటారును అనుమానించకండి. మీరు పంపిన రెండు నేమ్‌ప్లేట్లను మరోసారి చూడండి. పాతదాని వేగం నిమిషానికి 1440 చుట్లు, కొత్తదానిది 1465. చిక్కంతా అక్కడే ఉంది.

ఐఈ3లో రోటారు (తిరిగే భాగం) నష్టాలు తక్కువ కాబట్టి స్లిప్ (అయస్కాంత క్షేత్రం వేగం కన్నా రోటారు వెనకబడే తేడా) తగ్గి, మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది. ఫ్యాను లాగే పవర్ వేగం ఘనానికి (వేగాన్ని మూడుసార్లు గుణించిన విలువకు) అనుగుణంగా పెరుగుతుంది. 1465ను 1440తో భాగించి ఘనం చేస్తే 1.05 వస్తుంది, అంటే లోడు 5 శాతం పెరిగింది. సామర్థ్యం 87.6 నుంచి 91.4 శాతానికి పెరగడం వల్ల మిగలాల్సింది 4 శాతం పైచిలుకు. అది కాస్తా ఇలా హరించుకుపోయింది.

మీది బెల్టు డ్రైవ్ కాబట్టి ముందు మోటారు పుల్లీని కొద్దిగా చిన్నది వేసి, ఫ్యానును పాత వేగానికి తెండి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

డ్యాంపర్ (గాలి దారిని మూసే పలక) సగం మూసి నడుపుతున్నామన్నారు, నన్ను బాధపెట్టింది అదే! దానికి బదులు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టి వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. మోటారు రకం మార్చితే ఇంత ఆదా ఎన్నటికీ రాదు.

వీఎఫ్‌డీ పెట్టాక మళ్లీ మోటారు మార్చే అవకాశం వస్తే సింక్రనస్ రిలక్టెన్స్ రకాన్ని (రోటారులో తీగచుట్టలు లేని మోటారును) పరిశీలించండి. రోటారులో రాగి నష్టాలు ఉండవు, తక్కువ వేగంలోనూ సామర్థ్యం బాగా నిలుస్తుంది. పవర్ ఫ్యాక్టర్ తక్కువ, అంటే అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక డ్రైవ్ కరెంటు రేటింగు మాత్రం సరిచూసుకోండి. శాశ్వత అయస్కాంత మోటారు ఇంకొంచెం మెరుగే కానీ, స్విచ్ ఆపేశాక గాలికి ఫ్యాను తిరిగినా టెర్మినళ్ల వద్ద వోల్టేజి పుడుతుంది. మరమ్మతు చేసేవారికి ఆ సంగతి తప్పక చెప్పాలి.