ప్రభుత్వంలో డేటా ఉద్యోగం మా అమ్మాయికి మంచిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఆఖరి సంవత్సరం. మేం సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటుంటే, తను ప్రభుత్వంలో బిగ్ డేటా (లక్షల రికార్డులను కంప్యూటర్‌తో విశ్లేషించే) పని చేస్తానంటోంది. సర్కారు ఆఫీసుల్లో అలాంటివి నడుస్తాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నడుస్తున్నాయండీ. కాకపోతే చిక్కులూ చాలానే ఉన్నాయి. మీ అమ్మాయి చదువుకు పని ఉన్నది ఆ చిక్కుల దగ్గరే.

మన రాష్ట్రంలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత సమగ్ర వేదిక అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. రేషన్ కార్డు, వాహనం, ఆస్తి ఇలా తలో శాఖలో ఉన్న రికార్డుల్లో ఏవేవి ఒకే మనిషివో పేరు, చిరునామా చూసి పోల్చుకోవడం దాని పని. అసలు కష్టం ఇక్కడే. ఒక రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే. ఆధార్‌లో వెంకటలక్ష్మి, పింఛను కాగితంలో వెంకటమ్మ. పెళ్లయ్యాక ఒకచోట తండ్రి పేరు, మరోచోట భర్త పేరు. ఒకే పేరున్న ఇద్దరిని కంప్యూటర్ ఒక్కరే అనుకుందంటే ఎవరి కారో ఒక పేదింటి లెక్కలో పడుతుంది, వాళ్ల బియ్యం ఆగిపోతాయి. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. తప్పు పడ్డాక దిద్దే మనిషి దొరకడు. కౌంటర్లో ఉన్నాయన 'సిస్టమ్‌లో అలాగే వస్తోందమ్మా' అంటాడు, మార్చే అధికారం ఆయనకుండదు. ప్రోగ్రామ్ రాసింది బయటి కాంట్రాక్టరు. విషయం తెలిసిన అధికారికి ఈలోగా బదిలీ అవుతుంది. లెక్కలూ తెలిసి, ఊళ్లో కాగితం ఎలా పుడుతుందో కూడా తెలిసినవాళ్లు శాఖల లోపలే ఉండాలి. అందుకే మీ అమ్మాయి ఆలోచన నాకు చాలా నచ్చింది.

దారులు చెబుతాను. యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్‌ఎస్) పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులుంటాయి. ఈలోగా డేటా పనికి వాడే కంప్యూటర్ భాషలు ఎస్‌క్యూఎల్, పైథాన్‌లతో పాటు శాంపిలింగ్ (కొందరిని చూసి అందరి లెక్క అంచనా కట్టే పద్ధతి) గట్టిగా చదవమనండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఒకసారి చదవాలి.

ఒక్క జాగ్రత్త. 'ప్రభుత్వ ప్రాజెక్టు' అని చెప్పి అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీలు తీసుకునే కొలువులు చాలా ఉన్నాయి. నియామక పత్రం మీద ఎవరి పేరుందో, ఎన్ని నెలలకో చూడకుండా చేరనివ్వకండి. అనుభవం కోసమైతే ఏడాది చేయొచ్చు, దాన్నే ప్రభుత్వోద్యోగం అనుకుని పరీక్షలు మానేయకూడదు.

ముందు ఐఎస్‌ఎస్ పాత ప్రశ్నపత్రాలు తిరగేసి, ఏ పేపరు బరువనిపిస్తోందో తననే నాకు రాయమనండి. ఎమ్మెస్సీ చేశాక రాయాలా, ఇప్పుడే రాయాలా అన్నది దాన్నిబట్టి చెబుతాను.