రేడియో అయోడిన్‌కి ముందు ఉప్పు మానాలా, తర్వాత నీళ్లు ఎన్ని తాగాలి?

ఉప్పు మానక్కర్లేదండీ, మానాల్సింది అయోడిన్. మీ అమ్మగారికి క్యాన్సర్ వల్ల థైరాయిడ్ తీసేశారనీ, వచ్చే నెల రేడియో అయోడిన్ ఇస్తామన్నారనీ, చుట్టాల మాట విని ఆవిడ ఇప్పటినుంచే చప్పిడి తింటున్నారనీ రాశారు. ఆ చప్పిడి ఇవాళే ఆపించండి. నేనూ పాపిల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక ఈ చికిత్స తీసుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేడియో అయోడిన్ అంటే రేడియోధార్మికత ఉన్న అయోడిన్ మందు, ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలని చంపడానికి ఇస్తారు. థైరాయిడ్ కణాలకి మామూలు అయోడిన్‌కీ దీనికీ తేడా తెలియదు. ఏది దొరికితే అది లాక్కుంటాయి. అందుకే ఆపరేషన్ తర్వాత మిగిలిపోయిన కణాలని ఒకటి రెండు వారాలు అయోడిన్‌కి మొహం వాచేలా ఉంచుతారు, అప్పుడు మందు ఇవ్వగానే బాగా పట్టుకుంటాయి. మామూలుగా పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. ఈ పథ్యంలో 50 దాటకూడదు. మనం కొనే అయోడిన్ ఉప్పులో గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. అంటే 5 గ్రాముల ఉప్పుతోనే 75 అయిపోతుంది. అందుకే ఈ పథ్యంలో అయోడిన్ కలపని ఉప్పు వాడాలి.

అలాగని ఉప్పే లేకుండా చేస్తే ఇంకో ప్రమాదం. చికిత్స కోసం థైరాయిడ్ మాత్ర ఆపేసినవాళ్లకి ఒంట్లో సోడియం తగ్గే అవకాశం ఉంటుంది. దానికి పెద్ద వయసు, ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర, చప్పిడి తిండి, అతిగా నీళ్లు తోడైతే మగత, తికమక, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్తుంది. మీ అమ్మగారు బీపీ మాత్ర వేసుకుంటుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, సోడియం పరీక్ష చేయమని అడగండి. అయోడిన్ కలపని ఉప్పు ఎక్కడ దొరుకుతుందో కూడా వాళ్లనే అడగండి. కల్లుప్పు, సైంధవ లవణం అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, ప్యాకెట్ వెనక చదవండి.

నాకు అన్నిటికంటే కష్టమైంది పెరుగు మానడం. పాలు, పెరుగు, మజ్జిగ, కోడిగుడ్డు పచ్చసొన, చేపలు, రొయ్యలు అన్నీ బంద్. హోటల్ తిండి, బేకరీ బ్రెడ్, అప్పడాలు, కొన్న పచ్చళ్లు కూడా వద్దు, వాటిలో ఏ ఉప్పు వేశారో మనకి తెలియదు కదా. ఇంట్లో ముందే కొట్టి పెట్టుకున్న కారప్పొడి, ఆవకాయ సంగతీ అంతే. మా ఇంట్లో పోపుల పెట్టె పక్కన నా ఉప్పుకి వేరే సీసా పెట్టి, నా కూరలు విడిగా వండారు. అన్నం, కందిపప్పు, చారు, వంకాయ, బెండకాయ, గోంగూర, పళ్లు హాయిగా తినొచ్చు. చివరి ముద్దకి చారే దిక్కు.

ఇక నీళ్లు. ఈ మందులో ఉండే అయోడిన్ 131 రేడియోధార్మికత సగానికి తగ్గడానికి 8 రోజులు పడుతుంది. మనం ఎన్ని నీళ్లు తాగినా అది మారదు. కానీ కణాలు పట్టుకోని మందు ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లో మూత్రంలోనే పోతుంది. నీళ్లు తాగి, బిగపట్టకుండా తరచూ వెళ్తే మూత్రాశయానికి తగిలే రేడియేషన్ తగ్గుతుంది. అందుకే రోజుకి రెండు మూడు లీటర్లు తాగమంటారు. రాత్రి కూడా లేచి వెళ్లాలి, ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి. గుండె, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత తాగాలో డాక్టర్ చెప్పిందే లెక్క. మలబద్ధకం ఉన్నా మందు పేగుల్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, కాబట్టి ముందు నుంచే చూసుకోండి.

లాలాజల గ్రంథులు కూడా అయోడిన్‌ని లాగుతాయి. నాకు చెవి కింద వాచి, ముద్ద నోట్లో పెట్టగానే సలిపేది, నోరు ఎండిపోయేది. పుల్లటి బిళ్లలు చప్పరిస్తే లాలాజలం ఊరుతుంది. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలన్న దానిమీద డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నన్ను మొదటి రోజు గడిచాకే చప్పరించమన్నారు. మీరూ మందు మింగేముందే ఈ సంగతి అడిగి ఉంచుకోండి.

ఇంకొకటి. ఈ మధ్య అమ్మగారికి కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఎక్కించి సీటీ స్కాన్ తీసి ఉంటే, ఆ తేదీ డాక్టర్‌కి చెప్పండి. ఆ కాంట్రాస్ట్‌లో అయోడిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావం వారాల తరబడి ఉంటుంది కాబట్టి చికిత్స వాయిదా వేయాల్సి రావచ్చు. గుండె లయ కోసం అమియోడరోన్ మాత్ర వాడుతున్నా, పుండుకి బెటాడిన్ రాస్తున్నా అదీ చెప్పాలి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి.