సమాధానం: పేషెంట్ నోరు విప్పగానే తెల్లమొహం వేస్తున్నారా?

టెక్సాస్‌లో మీ నర్సింగ్ విద్యార్థులు స్పానిష్‌లో ప్రశ్న గడగడా అడిగేసి, పేషెంట్ జవాబు మొదలెట్టగానే తెల్లమొహం వేస్తున్నారన్నారు కదండీ. అసలు లోటు వినడంలోనే ఉంది. పదాల పట్టికలు పక్కన పెట్టండి. ‘దోందె లె దుయెలె?’ అని ఎక్కడ నొప్పో అడిగితే పెద్ద కథే వస్తుంది. వెంటనే ‘సెన్యాలెమె కోన్ ఉన్ దేదో’, వేలితో చూపించండి, అనడం అలవాటు చేయండి. నొప్పి తీవ్రత 0 నుంచి 10 లోపు చెప్పించాలి. జంటలుగా సాధన చేయించేటప్పుడు పేషెంట్ పాత్రధారి కావాలనే వేగంగా మాట్లాడాలి. ‘నువ్వు’ అనే ‘తూ’ వద్దు, ‘మీరు’ అనే ‘ఉస్తెద్’ మర్యాదే నేర్పండి.

సర్జరీ అంగీకారం, మందుల డోసు దగ్గర మాత్రం అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌నే పిలవాలి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సేవ ఉచితంగా ఇవ్వాల్సిందే. పేషెంట్ వెంట వచ్చిన చిన్నపిల్లలతో అనువాదం చెప్పించే పని అస్సలు పెట్టుకోనివ్వకండి.