టెక్ సందేహాలు: గొడుగు ఒక్కటే ఎర్రగా మిగలాలంటే?

ప్రశ్న: మా పాప వానలో ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉంది. గొడుగు రంగు ఉంచి మిగతాదంతా బ్లాక్ అండ్ వైట్ చేద్దామని, ఎరుపు తప్ప అన్ని రంగుల శాచురేషన్‌ (రంగు గాఢత) స్లైడర్లనూ పూర్తిగా తగ్గించాను. కానీ పాప పెదాలు, బుగ్గలు కూడా ఎర్రగానే ఉండిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: మీరు రంగును చూసి ఎంచుకున్నారు. ఆ స్లైడర్లకు గొడుగేదో పెదవేదో తెలియదు, ఎరుపైతే చాలు వదిలేస్తాయి. మనిషి ఒంటి ఛాయ ఏదైనా, చర్మం రంగు దాదాపుగా ఎరుపు, నారింజ, పసుపుల మధ్యే ఉంటుంది. అందుకే ఎర్ర వస్తువూ ముఖమూ ఒకే ఫొటోలో ఉంటే ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది. నీలి రంగు తలుపు లాంటివైతే స్లైడర్లతోనే పనైపోతుంది.

మీ ఫొటోకి మాస్క్ వాడండి, అంటే ఫొటో పొరలో ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే ముసుగు. ఉచితంగా దొరికే ఫొటో ఎడిటర్ జింప్‌లో ఫొటో లేయర్‌కు (పొరకు) ఇంకో కాపీ తీసి, పై కాపీని మాత్రమే డీశాచురేట్ చేయండి, అంటే రంగు తీసేయండి. దానికి తెల్ల లేయర్ మాస్క్ తగిలించి, గొడుగు ఉన్న చోట నల్ల బ్రష్‌తో రుద్దండి. నలుపు పూసిన మేర పై పొర మాయమై, కిందున్న రంగు బయటపడుతుంది. గీత దాటి పెదవి మీదికి వెళ్లినా టెన్షన్ అక్కర్లేదు, తెలుపుతో మళ్లీ రుద్దితే సరిపోతుంది. ఫొటోషాప్‌లోనూ ఇదే పద్ధతి. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ వేశాక ‘వ్యూ ఎడిట్స్’లోకి వెళ్తే, ఆ ఎఫెక్ట్‌ని ఎక్కడ ఉంచాలో వేలితో రుద్ది చెప్పొచ్చు. వెర్షన్‌ని బట్టి మెనూలు కాస్త అటూఇటూ ఉంటాయి.

అసలు శ్రమంతా అంచుల దగ్గరే. ఫొటోని 200 శాతానికి పెంచి చూడండి. గొడుగుకు ఆనుకున్న జుట్టు మీద సన్నటి ఎర్ర చార కనిపిస్తే అది పూర్తిగా మీ చేతి తప్పు కాకపోవచ్చు. జేపెగ్ ఫైలు సైజు తగ్గించడానికి చాలాసార్లు వెలుగునీడల వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని మాత్రం అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి కుదిస్తారు. అంటే నాలుగు పిక్సెళ్లు ఒకే రంగు సమాచారాన్ని పంచుకుంటాయి. దాంతో ఎరుపు పక్కకు చిందినట్టు కనిపిస్తుంది. మాస్క్ అంచుని ఒకటి రెండు పిక్సెళ్లు గొడుగు లోపలికి జరిపితే ఆ చార పోతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. తడి నేల మీద గొడుగు నీడ ఎర్రగా పడుతుంది కదా? పైన ఎర్రటి గొడుగు ఉండి, కింద దాని ప్రతిబింబం బూడిద రంగులో ఉంటే ఫొటో అతికించినట్టు అనిపిస్తుంది. అక్కడ మాస్క్ మీద నలుపుకు బదులు బూడిద రంగు పూయండి, ఎరుపు సగమే తేలుతుంది. నన్నడిగితే మిగతా ఫొటోని కూడా పూర్తిగా బూడిద చేయక్కర్లేదు. పై పొర ఒపాసిటీని (కింది పొరను ఎంత కప్పాలో చెప్పే విలువను) 80 శాతం దగ్గర ఆపి చూడండి. చూపు గొడుగు మీదికే పోతుంది, పాప ముఖంలో ప్రాణం కూడా ఉంటుంది.

ప్రశ్న: ఎర్ర పువ్వు, ఆకుపచ్చని ఆకులు ఉన్న ఫొటోని డీశాచురేట్ చేస్తే రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చి పువ్వే కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: ఫొటోషాప్‌లోని డీశాచురేట్ కమాండ్ ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కూడి సగం చేస్తుంది. స్వచ్ఛమైన ఎరుపులో పెద్ద విలువ 255, చిన్నది 0. స్వచ్ఛమైన ఆకుపచ్చలోనూ అంతే. రెండింటికీ సుమారు 128 వస్తుంది, ఇక తేడా ఎక్కడిది? మన కంటికి మాత్రం ఆకుపచ్చ బాగా వెలుగుగా, నీలం చీకటిగా తోస్తుంది. దానికి తగ్గట్టు ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 శాతం చొప్పున లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం ఎరుపు 76 దగ్గర, ఆకుపచ్చ 150 దగ్గర తేలతాయి, పువ్వూ ఆకూ విడిపోతాయి. జింప్ డీశాచురేట్‌లో ‘లైట్‌నెస్’ బదులు ‘లూమినెన్స్’ ఎంచుకుంటే ఇలా కంటికి దగ్గరగా ఉండే లెక్కే పనిచేస్తుంది. ఫొటోషాప్‌లో ‘బ్లాక్ అండ్ వైట్’ అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఇంకా మేలు. అందులో ‘రెడ్స్’ స్లైడర్ పెంచితే చీకటి ఆకుల మధ్య పువ్వు తెల్లగా మెరుస్తుంది, తగ్గిస్తే ఆకుల మీద నల్లగా నిలుస్తుంది. రెండూ చేసి చూడండి, ఒకే ఫొటో రెండు రకాలుగా మాట్లాడుతుంది.

ప్రశ్న: ఒక్క రంగు మిగిల్చేందుకు ఫొటోషాప్‌లో ‘సెలెక్టివ్ కలర్’ వాడాను. ఏమీ కాలేదు.

జవాబు: అది వేరే పనికి. ఎరుపు, పసుపు మొదలుకొని తెలుపు, నలుపు దాకా తొమ్మిది విభాగాల్లో దేన్నైనా తీసుకుని అందులో సిరా రంగుల పాళ్లు మార్చడానికి అది పనికొస్తుంది. చర్మంలో పసుపు ఎక్కువైతే తగ్గించడానికి చాలా బాగుంటుంది. మీ పనికి పైన మొదటి జవాబులో చెప్పిన మాస్కే దారి.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్ చేసి పాత ఫొటో మీదే సేవ్ చేసేశాను. రంగులు వెనక్కి వస్తాయా?

జవాబు: గూగుల్ ఫొటోస్‌లోనో, ఐఫోన్ ఫొటోస్ యాప్‌లోనో మార్చి ఉంటే ముందు ఎడిట్‌లోకి వెళ్లి ‘రివర్ట్’ ఉందేమో చూడండి, చాలాసార్లు అసలు ఫొటో అక్కడే ఉంటుంది. వేరే ఎడిటర్‌లో జేపెగ్‌గా సేవ్ చేసుంటే ఆ ఫైలులో రంగు ఇక లేదు. ఏఐ టూల్స్ రంగులు వేస్తాయి కానీ అది ఊహే, పాప గౌను అసలు రంగు వాటికి తెలియదు. ముందుగా క్లౌడ్ బ్యాకప్‌లో, ఆ ఫొటోని మీరు ఎవరికైనా పంపి ఉంటే వాళ్ల ఫోన్‌లో వెతకండి.